ఏడు సాళ్ల చెనిక్కాయ, ఒక సాలు మంత్రం

అనంతపురం పక్క చెనిక్కాయ చేనులో కందిని అంతర పంటగా వేస్తారు. ఏడు సాళ్ల చెనిక్కాయకు ఒక సాలు కంది. వాన మొహం చాటేసి చెనిక్కాయ ఎండినా కందైనా చేతికొస్తుందని ఆశ. నాలుగు సాళ్లు ఇదీ నాలుగు సాళ్లు అదీ వేసి, పైగా "మా చేను కథకు ఇదే సహజం" అని వాదించే రైతు జిల్లాలో ఇంకా పుట్టలేదు. ఆ రైతుకు కొడుకు మాత్రం పుట్టాడు. శనివారం రాత్రి మేడమీద గదిలో ఇరవై ముఖాల పాచిక ముందేసుకుని, కాగితం మీద "ఫైటర్ 3, విజార్డ్ 2" అని రాసుకుని కూర్చున్నాడు. కరువు మీద అన్ని కమిటీలు వేసిన ప్రభుత్వాలు ఈ విపత్తును ఇంతకాలం పట్టించుకోకపోవడం శోచనీయం.

తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో పాత్రకు ఒక క్లాసు ఉంటుంది, అంటే వృత్తి. ఫైటర్ ఆయుధం పట్టే యోధుడు, విజార్డ్ మంత్రాలు చదివి నేర్చినవాడు, పక్కన ఉండే అంకె ఆ క్లాసులో లెవెల్. అందులో 20 లెవెళ్ల దాకా ఎదగొచ్చు. లెవెల్ పెరిగినప్పుడు పాత క్లాసులో కాకుండా కొత్త క్లాసులో అడుగు వేస్తే అది మల్టీక్లాస్. 2014 నాటి ఐదో ఎడిషన్ పుస్తకం దీన్ని ఐచ్ఛిక నియమం అంది, డీఎమ్, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్, సరేనంటేనే చెల్లుతుంది. ఈ ఒక్క వాక్యం మన కుర్రాళ్ల ఫోన్లలోని ప్రతుల్లో ఎందుకో కనబడదు.

అర్హతలు కూడా ఉన్నాయి. ఉన్న క్లాసుకూ, వెళ్లబోయే క్లాసుకూ, రెండింటికీ చెప్పిన గుణాల్లో 13 ఉండాలి. పాలడిన్ అంటే ప్రతిజ్ఞ పట్టిన యోధుడు, మంక్ అంటే వట్టి చేతులతో పోరాడే సన్యాసి. పాలడిన్‌కు బలం, ఆకర్షణ. మంక్‌కు చురుకు, వివేకం. ఈ రెండూ కలుపుతానని పట్టుబట్టేవాడి లెక్క చూద్దాం. గుణాలను పాయింట్లతో కొనుక్కునే పద్ధతిలో చేతిలో ఉండేవి 27. ఒక్కో 13కు 5 చొప్పున నాలుగింటికి 20 ఖర్చు. మిగిలిన 7 పెట్టి ఒంటి గట్టిదనం 14 కొంటే జేబు ఖాళీ. పాత్ర జాతి (మనిషి, ఎల్ఫ్ లాంటివి) వల్ల కలిసొచ్చేవి పక్కనబెడితే, తెలివికి మిగిలేది ఏమీ కొనకుండా వచ్చే 8. ఈ కలయిక ఎంచుకునేవాడి తెలివి ఎంతుంటుందో పుస్తకం తానుగా చెప్పదు, వాడి చేతే రాయిస్తుంది.

అసలు దెబ్బ 5వ లెవెల్ దగ్గర తగులుతుంది. ఫైటర్ 5కు చేరితే ఒక వంతులో రెండు వేట్లు వేస్తాడు. విజార్డ్ 5కు చేరితే ఫైర్‌బాల్ వస్తుంది, ఆరు ముఖాల పాచికలు ఎనిమిది ఒకేసారి వేయొచ్చు. మన ఫైటర్ 3, విజార్డ్ 2 గారికి ఆ రెండో వేటూ లేదు, ఈ నిప్పుబంతీ లేదు. గుణాలు పెంచుకునే అవకాశం క్లాసులో 4వ లెవెల్‌కు గానీ రాదు కాబట్టి అదీ లేదు. రెంటికీ చెడ్డ రేవడి. పక్కవాడు పాచికలు దోసిళ్లతో వేస్తుంటే ఈయన ఒక్క వేటు వేసి, అది కూడా తప్పి, "నా పాత్ర ముందుముందు బ్రహ్మాండంగా ఉంటుంది" అంటాడు. బోరు వేయించినవాళ్లు కూడా సరిగ్గా ఈ మాటే అంటారు. పోనీ రెండు క్లాసుల్లోనూ 5కు చేరినా, ఫైటర్ రెండో వేటూ పాలడిన్ రెండో వేటూ కలిసి మూడు కావు. రెండే.

బోరు మాట వచ్చింది కాబట్టి స్పెల్ స్లాట్ల సంగతి. మంత్రం వేసినప్పుడల్లా ఖర్చయ్యే గడులే స్లాట్లు. క్లెరిక్ (దేవుడి దయతో మంత్రాలు వేసే పూజారి) 2, విజార్డ్ 3 అనుకుందాం. స్లాట్లకు రెండూ కూడి 5 అవుతాయి. ఒకటో స్థాయివి 4, రెండో స్థాయివి 3, మూడో స్థాయివి 2. మంత్రాలు మాత్రం ఏ క్లాసుకు ఆ క్లాసుగానే నేర్చుకోవాలి. విజార్డ్ 3కి రెండో స్థాయి దాటదు, క్లెరిక్ 2కి ఒకటో స్థాయే. అంటే మూడించుల పైపు దించారు, పడింది రెండించుల నీళ్లు. మూడో స్థాయి స్లాటులో చిన్న మంత్రాన్నే కాస్త బలంగా వేసుకోవడం తప్ప గతి లేదు.

విత్తే వరుస కూడా ముఖ్యమే. ముందు ఫైటర్‌గా మొదలైతే బరువైన కవచం వస్తుంది, మొదటి లెవెల్‌లో ప్రాణం 10తో మొదలవుతుంది, దెబ్బ తగిలినా మంత్రం జారిపోకుండా నిలబెట్టే, ఒంటి గట్టిదనం పాచికలో నైపుణ్యం, అంటే కాన్‌స్టిట్యూషన్ సేవ్ దక్కుతుంది. ముందు విజార్డ్ అయి తర్వాత ఫైటర్‌లోకి వస్తే ఆ సేవ్ రాదు, బరువైన కవచమూ రాదు, మొదటి ప్రాణం 6 దగ్గరే. అవే రెండు క్లాసులు, వరుస తిరగబడితే వేరే మనిషి. ఇక కత్తి ఒక చేతా, డాలు ఒక చేతా పట్టాక మంత్రానికి ముద్ర పట్టే చెయ్యేది? వార్ క్యాస్టర్ అనే ఫీట్, అంటే అదనపు నేర్పు, తీసుకోవాలి. దానికీ మామూలుగా ఆ 4వ లెవెల్ కావాలి.

బార్బేరియన్‌కు విజార్డ్‌ను అంటు కట్టేవాళ్లూ ఉన్నారు. బార్బేరియన్ అంటే కోపంతో పోరాడే యోధుడు, ఆ కోపావేశమే రేజ్. రేజ్‌లో ఉన్నంతసేపు మంత్రం వేయకూడదు, వేసినదాన్ని నిలబెట్టుకోనూ కూడదు. కోపం వచ్చినప్పుడు మనిషికి ఇంకేదీ గుర్తుండదనే ఈ నియమాన్ని సీమలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు.

వీళ్లందరికంటే ప్రమాదకారి నిద్రపోనివాడు. వార్లాక్ 3, సార్సరర్ 2. వార్లాక్ ఒప్పందంతో మంత్రశక్తి తెచ్చుకున్నవాడు, సార్సరర్ పుట్టుకతోనే అది ఉన్నవాడు. వార్లాక్ స్లాట్లు గంట విశ్రాంతితోనే తిరిగి వస్తాయి, రెండో స్థాయివి రెండు. సార్సరర్ ఒక్కోదాన్ని కరిగించి రెండు పాయింట్లు చేస్తాడు, ఆ రెండు పాయింట్లతో ఒకటో స్థాయి స్లాటు పోత పోస్తాడు. గంటకు రెండు. ఎనిమిది గంటలకు పదహారు. నిజంగా పడుకుంటే పోత పోసినవన్నీ మాయమవుతాయి కాబట్టి పడుకోడు. గుంపంతా గుహ ముందు కత్తులు దూసి నిలబడితే, "అన్నా, ఇంకొక్క గంట" అంటూ టీ అంగడి దగ్గర బెంచీ వదలని మనిషిలా కూర్చుంటాడు. 2017లో వచ్చిన అనుబంధ పుస్తకం దీనికి విరుగుడు రాసింది. రోజంతా పడుకోకపోతే కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేయాలి, మొదట 10, తర్వాత రోజుకు ఐదైదు పెరుగుతుంది, తప్పితే నీరసం. డీఎమ్‌లు ఆ పేజీ మడిచి పెట్టుకోవడం మంచిది.

మూడు క్లాసులు కలిపేవాళ్ల గురించి కర్నూలు వాళ్లతో మాట్లాడితే చాలు. 2020లో చట్టం చేసి మూడు రాజధానులన్నారు, న్యాయ రాజధాని కర్నూలన్నారు. 2021 నవంబరులో చట్టం వెనక్కి పోయింది. లెవెల్ ఎక్కకముందే క్యారెక్టర్ షీట్ చింపేయడం ఎట్లుంటుందో వాళ్లకు తెలుసు.

కంది వద్దని ఎవరూ అనడం లేదు. సాలు లెక్క తప్పొద్దంటున్నాం. విజార్డ్ 5 ముట్టి, ఫైర్‌బాల్ చేతికొచ్చాక ఫైటర్‌లో రెండు లెవెళ్లు వేసుకుంటే యాక్షన్ సర్జ్ వస్తుంది, ఒక వంతులో రెండు పనులు. పాలడిన్ 6 దాకా నడిచి, ఆకర్షణ బోనస్ పక్కవాళ్ల సేవ్‌లకూ కలిసే ఆరా అందాక సార్సరర్‌లోకి మళ్లితే ఇంటిల్లిపాదీ దీవిస్తారు. వార్లాక్ దాడి మంత్రం ఎల్డ్రిచ్ బ్లాస్ట్ కిరణాలు వార్లాక్ లెవెల్‌ను కాక మొత్తం లెవెల్‌ను చూసి 5, 11, 17 దగ్గర పెరుగుతాయి కాబట్టి అందరి చేలల్లోనూ అదే సాలు మొలుస్తోంది. అందుకే కాబోలు, 2024 పుస్తకంలో ఉపక్లాసులన్నిటినీ, అంటే క్లాసులోని శాఖలను, 3వ లెవెల్‌కు జరిపారు. ఒక్క లెవెల్ ముంచి సారమంతా పీల్చుకుపోయే దారి చాలావరకు మూసుకుపోయింది.

కాబట్టి మా ప్రతిపాదన. క్యారెక్టర్ షీటును ఇకపై అడంగల్‌గా భావించాలి. మల్టీక్లాస్ కోరేవాడు డీఎమ్‌కు ముందుగా అర్జీ పెట్టుకోవాలి, జతగా ఉగ్గాని, బజ్జీ అయిదు ప్లేట్లు. అర్జీలో మూడు గడులు. ఏ లెవెల్‌లో మారుతున్నావు, మారడం వల్ల ఏం పోతోంది, గుంపుకు మళ్లీ ఎప్పటికి పనికొస్తావు. మూడో గడిలో "కథ కోసం" అని రాస్తే అర్జీ వాపసు. అర్జీదారు అక్కడే కూర్చుని ఆ కథ చెప్పడం మొదలుపెడితే, మిగిలిన వాళ్లందరికీ దాన్ని గంట విశ్రాంతిగా లెక్కగట్టాలి. వార్లాక్‌కు స్లాట్లు తిరిగి వస్తాయి.