ప్లాటినం ప్యాకేజీ కవయిత్రి

కవిత్వాన్ని చదివేవాళ్లు కరువయ్యారని ఇకమీద ఎవరూ బాధపడకండి. పొద్దున పదకొండుకు రాతప్రతి ఈమెయిల్ చేస్తే పదకొండుంబావుకల్లా ఫోన్ చేసి, "మేడమ్, మీ పుస్తకం మా ఎడిటోరియల్ బోర్డు మొత్తానికీ విపరీతంగా నచ్చింది" అని చెప్పే మహానుభావులు, అంటే రాసినవాళ్ల దగ్గరే డబ్బు తీసుకుని పుస్తకాలు వేసే ప్రచురణ సంస్థలవాళ్లు, పుట్టుకొచ్చారు. పావుగంటలో అరవై కవితలు చదివి, చర్చించి, ఏకాభిప్రాయానికి రావడమంటే మాటలా? మన విమర్శకులకు ఒక్క కవితా సంపుటి మీద ఏకాభిప్రాయానికి రావడానికి ఒక తరం పడుతుంది.

వీళ్ల చల్లని చూపు ముఖ్యంగా రిటైరైనవాళ్ల మీద ఉంటుంది. చేతిలో కాస్త డబ్బు, డ్రాయర్లో పాత నోట్‌బుక్కులు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనే టెన్షన్. ఇంతకంటే మంచి కస్టమర్ ఎక్కడ దొరుకుతాడు?

నాకు తెలిసిన ఒకావిడ లెక్కల టీచర్‌గా రిటైరయ్యారు. ఆవిడకు సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు ప్యాకేజీలు చూపించారు. సిల్వర్‌లో పుస్తకం వస్తుంది. గోల్డ్‌లో పుస్తకంతో పాటు ఐఎస్‌బీఎన్, కాపీరైట్ కూడా వస్తాయట. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకాన్ని గుర్తు పట్టడానికి వేసే నంబరు. 2007 దాకా 10 అంకెలుండేవి, ఇప్పుడు 13. లోపల కవిత్వముందో లేదో దానికి అనవసరం. ఇక కాపీరైట్ అంటారా, దాని మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో కవితను కాగితం మీద పెట్టగానే అది రాసినవాళ్లదే. అంటే ఆవిడ హక్కును ఆవిడకే అమ్ముతున్నారన్న మాట, అదీ గోల్డ్ రేటుకి.

అసలు కథ పుస్తకం వెన్ను దగ్గర మొదలైంది.

"మేడమ్, మీది 64 పేజీలే వచ్చింది. వెన్ను మీద మీ పేరు పట్టదు" అన్నాడు ఆ సంస్థ కన్సల్టెంట్. అబద్ధం కాదు. ఎవరి పుస్తకం వాళ్లే వేసుకునే అమెజాన్ కేడీపీలో కూడా 79 పేజీలు దాటితేనే వెన్ను మీద అక్షరాలు వేస్తారు. "అయితే ఏం చేద్దాం బాబూ?" అన్నారావిడ. "శుక్రవారంలోగా ఇంకో ఇరవై కవితలు రాసివ్వండి మేడమ్." తనకు అలా రావని ఆవిడ చెప్పారు. "పోనీ, ఉన్నవాటినే సాగదీద్దాం. లైన్లు విరగ్గొడదాం. ఇప్పుడు అదే ట్రెండు." ఎంత విరగ్గొట్టాలని అడిగితే, "మాటకో లైను వేద్దాం మేడమ్. చాలా డెప్త్ వస్తుంది" అన్నాడు.

రెండు రోజుల్లో ప్రూఫు వచ్చింది. కవిత్వం నిలువునా కారిపోతోంది. కొన్ని పేజీల్లో ఐదారు మాటలే, కింద మైదానమంత ఖాళీ. ఒక పేజీలో "కానీ" అన్న మాట ఒక్కటే ఉంది. ఇంకో పేజీలో ఏమీ లేదు. అదేమిటంటే, "మౌనం మేడమ్, పాఠకుడికి వదిలేశాం" అన్నాడట. పేజీలు 112కు చేరాయి. వెన్ను మీద పేరు పట్టడమే కాదు, కావాలంటే ఇంటి చిరునామా కూడా పడుతుంది.

తర్వాత రాయల్టీ. "నెట్ లాభంలో 70 శాతం మీకే!" అన్నాడు. డిజైను, మార్కెటింగు, నిర్వహణ అన్నీ పోగా మిగిలేదే నెట్ లాభమని చిన్న అక్షరాల్లో ఉంది. "సున్నాలో 70 శాతం ఎంతవుతుంది బాబూ?" అని ఆవిడ ఆరో తరగతి పిల్లవాణ్ని అడిగినట్టు అడిగారు. "మేడమ్, మీరు నెగటివ్‌గా ఆలోచిస్తున్నారు" అన్నాడు. లెక్కల టీచర్‌తో!

వాదనకు నిలవలేనప్పుడు వీళ్లు అమెరికన్ కవి వాల్ట్ విట్మన్‌ను దించుతారు. ఆయన కూడా సొంత ఖర్చుతోనే వేసుకున్నాడు కదా అని. నిజమే. 1855లో 12 కవితలతో 795 కాపీలు వేయించాడు, టైపు కొంత తనే పేర్చాడు, పైగా పేరు లేకుండా తన పుస్తకానికి తనే భేషైన సమీక్షలు రాసుకున్నాడు. ఆ చివరి పని మాత్రం ఇప్పుడు ప్లాటినంలో వాళ్లే చేసిపెడతారు.

ఇలాంటి ఎడిటోరియల్ బోర్డుల అభిరుచి ఎంత గొప్పదో అమెరికాలో కొందరు రచయితలు 2004లోనే పరీక్షించారు. కావాలని వీలైనంత చెత్తగా ఒక నవల రాశారు. ఒక అధ్యాయం రెండుసార్లు వస్తుంది, ఒకటి అసలు లేదు, ఒకటి కంప్యూటర్ ప్రోగ్రామ్ రాసింది. అది కూడా ఒక ప్రచురణ సంస్థకు నచ్చింది! ఇది నాటకమని వాళ్లే బయటపెట్టాక గానీ ఆ నచ్చడం ఆగలేదు.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు. భర్త చనిపోయిన ఏడాది ఆవిడ పదకొండు లైన్లు రాసుకున్నారు. ఎవరికీ చూపించలేదు. ఆ పదకొండు లైన్లను వెన్ను లావు చేయడానికి కన్సల్టెంట్ ముప్పై ఎనిమిది ముక్కలు చేశాడు. చదివితే చేయగలిగేవాడా? ఆవిడకు కావలసింది పొగడ్త కాదు. ఒక్క మనిషి కూర్చుని చదివి, ఇది తీసేయండి, ఈ కవిత ఇంకా కుదరలేదు, దీన్ని మాత్రం ముట్టుకోకండి అని చెబితే చాలు. తిట్టినా సరే, తిట్టాలంటే ముందు చదవాలి కదా! ముప్పై ఏళ్లు దాచుకున్నదాన్ని మొదటిసారి ఒకరి చేతిలో పెడితే, ఆ చేతులు పేజీలు లెక్కబెట్టాయి. సిగ్గు లేదూ? మూడు ప్యాకేజీల్లో చదవడమన్న సేవ ఎక్కడా లేదు. డబ్బిస్తామన్నా లేదు.

తన డబ్బుతో వేసుకోవడం తప్పని నేననడం లేదు. జపాన్‌లో షిబాతా తోయో అనే పెద్దావిడ తొంభై దాటాక కవిత్వం మొదలుపెట్టి, అంత్యక్రియలకు దాచుకున్న డబ్బుతో 2009లో, 98వ ఏట, మొదటి సంపుటి వేసుకున్నారు. మరుసటి ఏడాది ఒక ప్రచురణ సంస్థ దాన్ని మళ్లీ వేస్తే పది లక్షలకు పైగా కాపీలు పోయాయి. ఈ మాట ఎక్కడా గట్టిగా అనకండి. రేపటికల్లా అంత్యక్రియల ప్యాకేజీ పెడతారు.

మా టీచరుగారు ప్రూఫు వెనక్కి పంపేసి, లైన్లన్నీ మళ్లీ అతికించి, నేరుగా ఒక ప్రెస్సుకు వెళ్లి యాభై కాపీలు వేయించుకున్నారు. వెన్ను మీద పేరు లేదు. పోయిన వారం కన్సల్టెంట్ మళ్లీ ఫోన్ చేశాడు. ఈ ఏటి ఉత్తమ నూతన కవయిత్రి అవార్డుకు ఆవిడ ఎంపికయ్యారట, రిజిస్ట్రేషన్ ఫీజు కడితే చాలట.

"ఏ కవితకు బాబూ?" అన్నారావిడ.

"లిస్టులో ఉంటుంది మేడమ్. ముందు మీరు ఒక్కటైనా రాశారా?"