మూడేళ్ల చేతికి నాలుగు గీతల కాపీ ఎందుకు?

మూడేళ్ల పిల్లకు పెన్సిల్ ఇచ్చి స్టాండింగ్ లైన్, స్లీపింగ్ లైన్ రాపిచ్చుడు బంద్ చెయ్యాలె. హన్మకొండల గానీ, నర్సంపేటల గానీ ఈ మాట అంటే "మరి ఫీజు ఎందుకు కడుతున్నం టీచరమ్మా?" అని ఎదురడుగుతరు. దానికి జవాబు చెప్పాలనే ఇంత పొడుగు పోస్టు. వచ్చే జూన్ల పిల్లను నర్సరీల ఏద్దామని చూస్తున్నోళ్లు కొంచెం ఓపిక పట్టి చదవండి.

ముందు చెయ్యి సంగతి. మణికట్టుల ఎనిమిది చిన్న చిన్న ఎముకలుంటయి. పుట్టినప్పుడు అవి ఎక్స్‌రేకు కూడ కనపడవు, మెత్తగ ఉంటయి. ఒక్కొక్కటే గట్టిపడుకుంట వస్తయి. మూడేళ్లకు రెండో మూడో గట్టిపడతయి, ఆఖరుదానికి తొమ్మిదేళ్లు దాటుతది. వేళ్ల కండరాలకు బలం రావాలె, కంటికి చేతికి పొంతన కుదరాలె. మట్టి పిసికితే, పూసలు గుచ్చితే, అమ్మ పక్కన కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తే, బతుకమ్మకు తంగేడు పూలు ఏరితే అది వస్తది. మనమేం చేస్తున్నం? సన్న పెన్సిల్ ఇచ్చి గీత దాటొద్దంటున్నం. పిల్ల పిడికిలి బిగవట్టి, భుజం కాడికెళ్లి చెయ్యంత కదిలిచ్చి రాస్తది. కాయితం చినుగుతది. బడిల ఎర్ర పెన్నుతోని సున్న చుడతరు, రాత్రి అమ్మ చెయ్యి మీద చెయ్యేసి మళ్ల రాపిస్తది. ఇద్దరూ ఏడుస్తరు.

నేను సర్కారు బడిల ఒకటో తరగతికి చెప్త. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ ప్రైవేటుల చదివి, ఇగ ఫీజు కట్టలేక మా బడికి వచ్చే పిల్లలు ఏటా ఉంటరు. నూరు దాకా గడగడ రాస్తరు. "బిడ్డా, ఏడు చింతగింజలు తీస్కరా" అంటే గుప్పెడు తెచ్చి ముందల పోస్తరు. 7 ఎట్ల రాయాల్నో తెలుసు, ఏడంటే ఎన్నో తెలవదు. ఏ ఫర్ ఆపిల్ అంటరు గానీ, నిన్న ఊర్లె జాతర ఎట్లయిందో చెప్పమంటే రెండు మాటలకే ఆగిపోతరు. మూడేండ్లు నోరు మూసుకొని కూసున్న పిల్లకు మాటలు ఎక్కడికెళ్లి వస్తయి?

ఇది నా ఒక్కదాని గోస కాదు. ఢిల్లీ అంబేడ్కర్ యూనివర్సిటీ, పిల్లల చదువు మీద సర్వేలు చేసే అసర్ సెంటర్, యునిసెఫ్ కలిసి తెలంగాణ, రాజస్థాన్, అస్సాం పల్లెల పిల్లలను నాలుగేండ్ల కాడికెళ్లి ఎనిమిదేండ్ల దాకా వెంబడి చూసి, 2017ల రిపోర్టు ఇచ్చిన్రు. ఐదేండ్లకు పిల్లలు బడికి ఎంత తయారుగ ఉండాల్నో అంత లేరని తేలింది. అంగన్‌వాడీకి పోయినోళ్లదీ అదే కథ, ప్రైవేటుకు పోయినోళ్లదీ అదే కథ. ప్రైవేటుల రాతా, బట్టీ. అంగన్‌వాడీల చదువుకు దొరికే టైమే తక్కువ. ఆటతోని, వయసుకు తగ్గట్టు నేర్పిన కాడ మాత్రం పిల్లలు బాగున్నరు.

ఎంత తొందరగ బడిల ఏస్తే అంత మంచిదనేటోళ్లకు అమెరికాల టెనెసీ రాష్ట్రం సంగతి చెప్పాలె. అక్కడ సర్కారే పేద పిల్లలకు ప్రీ స్కూల్ పెట్టింది, లైసెన్సున్న టీచర్లను పెట్టింది. సీట్లు తక్కువ, అడిగేటోళ్లు ఎక్కువ. అందుకని లాటరీ తీసిన్రు. సీటు వచ్చినోళ్లు, రానోళ్లు కలిపి 2,990 మందిని ఏండ్ల తరబడి చూసిన్రు. ప్రీ స్కూల్ అయిపోంగనే సీటు వచ్చిన పిల్లలే ముందున్నరు. మూడో తరగతికి ఆ ముందంజ పోయింది. ఆరో తరగతికి వచ్చేసరికి సీటు రాని పిల్లలకంటే పరీక్షలల్ల వెనకబడ్డరు, బడిల గొడవలు కూడ వీళ్లయే ఎక్కువ. 2022ల ఈ ఫలితం అచ్చయింది. ఆ పరిశోధన నడిపిన డేల్ ఫారన్, పిల్లలను ఎక్కువ సేపు కూసోబెట్టుడు, అందరికీ ఒక్కసారే చెప్పుడు, ప్రతిదానికీ అదుపుల పెట్టుడు మీదనే అనుమానపడ్డది.

అదే దేశంల 1962ల మిషిగన్ రాష్ట్రంల పెర్రీ ప్రీ స్కూల్ అని ఒకటి మొదలైంది. 123 మంది పేద నల్లజాతి పిల్లల మీద చేసిన అధ్యయనం అది. అక్కడ ఇయ్యాల ఏం ఆడాల్నో పిల్లలే అనుకుంటరు, ఆడినంక ఏం చేసిన్రో టీచర్‌కు చెప్తరు. వారానికోసారి టీచర్ ఇంటికి పోయి తల్లితోని మాట్లాడతది. తెలివి పరీక్షల మార్కుల తేడా కొన్నేండ్లకే పోయింది గానీ, నలభయ్యేండ్ల వయసుల చూస్తే ఆ బడికి పోయినోళ్లల్ల చదువు పూర్తి చేసినోళ్లు, ఉద్యోగాలున్నోళ్లు ఎక్కువ, అరెస్టులు తక్కువ. రెండూ ప్రీ స్కూళ్లే. లోపల ఏం జరిగిందనేదే తేడా.

ఇంట్ల ఉండే పసిపిల్లల సంగతి కూడ ఇదే. జమైకాల 1986–87ల వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది పసిపిల్లలను తీసుకున్నరు. కొందరికి పాలపొడి ఇచ్చిన్రు. కొందరి ఇంటికి వారానికోసారి ఆరోగ్య కార్యకర్త పోయి, ఇంట్ల దొరికే వస్తువులతోని బొమ్మలు చేసి, పిల్లతోని ఎట్ల ఆడాల్నో, ఎట్ల మాట్లాడాల్నో తల్లికి చూపిచ్చింది. రెండేండ్లు, వారానికి గంట, అంతే. ఇరవయ్యేండ్లు గడిచినంక చూస్తే ఆ ఆటపాటలు దొరికిన పిల్లల సంపాదన 25 శాతం ఎక్కువ. ఒట్టి పాలపొడితోని ఆ ఫలితం రాలేదు. మన దగ్గర బాలామృతం ఇస్తున్నరు, గుడ్డు ఇస్తున్నరు, అది తప్పకుండ ఉండాలె. దానితోపాటు పిల్లతోని కూసోని మాట్లాడే మనిషి కూడ కావాలె.

ఆ మనిషి అంగన్‌వాడీ టీచరే. కానీ ఆమెకు టైమేది? గుడ్ల లెక్క, బరువులు, పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌ల ఎంట్రీలు, సర్వేలు, చాన చోట్ల ఓటరు లిస్టు చూసే బీఎల్‌ఓ డ్యూటీ కూడ ఆమెకే. తండాల అయితే ఇంకో కష్టం. ఇంట్ల లంబాడీ మాట్లాడే పిల్లకు టీచర్ ముందు తెలుగు అలవాటు చెయ్యాలె, అదే పిల్లను మరుసటేడు ఇంగ్లీషు మీడియం వ్యాను ఎక్కిస్తరు. తమిళనాడుల 640 అంగన్‌వాడీల మీద ఒక ప్రయోగం చేసిన్రు. కొన్నిటికి సగం పూట పనిచేసే మనిషిని ఒక్కరిని అదనంగ ఇచ్చిన్రు, పిల్లలకు చెప్పుడే ఆమె పని. చదువుకు దొరికే టైం రెట్టింపైంది, భాషా లెక్కలూ మెరుగైనయి, పోషకాహార లోపం కూడ తగ్గింది. మన రాష్ట్రంల 35 వేలకు పైగ అంగన్‌వాడీలున్నయి. కొత్త బిల్డింగుల కంటే ముందు ఆ రెండో మనిషిని అడగాలె. ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు రోడ్డు అడుగుతం, బోరు అడుగుతం, ఇది ఒక్కరం అడగం.

ప్రైవేటు బళ్ల టీచర్ల మీద నాకు కోపం లేదు. ఎల్‌కేజీ చెప్పే మా చెల్లె వరుసామె ఒకరోజు నాతోని అన్నది: "అక్కా, నాకు మాత్రం తెలవదా? కాపీ ఖాళీగుంటే తల్లిదండ్రులు వచ్చి ప్రిన్సిపాల్‌తోని పంచాయితి పెడతరు. పిల్ల ఇయ్యాల ఎంత మాట్లాడిందో ఒక్కరడగరు." ఆమె చెప్పింది నిజం. రాత నడుస్తున్నది మనం అడగవట్టే.

కాబట్టి జూన్ల అడ్మిషన్‌కు పోయినప్పుడు మీ పిల్ల ఎప్పటికెళ్లి రాస్తదని అడగకండి. రోజుకు ఎంత సేపు బయట ఆడిస్తరు, కథ ఎవరు చెప్తరు, టీచర్‌కు ఎంత మంది పిల్లలు, మా ఇంటి భాషల మాట్లాడితే కొడతరా అని అడగండి. ఇసుకా, కట్టె బొమ్మలూ పిల్లల చేతికి అందేటట్టు ఉన్నయా, బీరువాల పెట్టి తాళమేసిన్రా చూడండి. ఇప్పటికే బడిల ఏసినోళ్లు ఈ నెల పేరెంట్స్ మీటింగుల నలుగురు కలిసి ఒక్కటే చెప్పండి: "ఐదేండ్లు నిండేదాక హోంవర్క్ వద్దు." ఫీజు కట్టేటోళ్లు నలుగురు అన్నరంటే ఏ బడి అయినా వినక తప్పదు.