"ఏం లేదు, టెన్షన్ పడకండి" అంటే సరిపోదు

ఎడమ పిక్కలో మొదలైంది. రాత్రి పడుకున్నాక చర్మం కింద ఏదో చిన్న పురుగు కదిలినట్టు టకటకా నాలుగైదు సార్లు కొట్టుకుని ఆగిపోయేది. నొప్పి లేదు. మొదటి వారం పట్టించుకోలేదు. తర్వాత తొడలో, భుజం మీద, బొటనవేలి మొదట్లో, కనురెప్పలో. ఒకచోట ఆగితే ఇంకోచోట. ఒక అర్ధరాత్రి ఫోన్ తీసి వెతికాను. రెండు నిమిషాల్లో కంటపడింది ఏఎల్ఎస్ అనే పేరు. కండరాలను నడిపించే నరాల కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోయే జబ్బు. పూర్తిగా నయం చేసే మందు లేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను మామూలు మనిషిని కాను. ఇదే భయంతో ఈ రాత్రి కూడా ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఆ భయాన్ని చుట్టూ ఉన్నవాళ్లు, ఒక్కోసారి డాక్టర్లు కూడా, ఎంత తేలిగ్గా తీసిపారేస్తారో చూశాను. నా కోపమంతా దాని మీదే.

లైటు ఆర్పాక ఫోన్ టార్చ్ పిక్క మీదికి పట్టుకుని కూర్చునేదాన్ని. చర్మం మీద చిన్న గుంట పడి లేచేది. వీడియో తీసేదాన్ని. నిన్నటి వీడియో పక్కన పెట్టి ఎక్కువైందా తగ్గిందా అని చూసేదాన్ని. టేపుతో రెండు పిక్కలూ కొలిచాను. ఎడమది ఒక సెంటీమీటరు తక్కువ. ఆ ఒక్క సెంటీమీటరుతో మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు. రెండు కాళ్లూ అచ్చంగా ఒకేలా ఉండడం అరుదని, టేపు వేలెడు పైకో కిందికో జరిగినా లెక్క మారిపోతుందని అప్పుడు నాకు తెలియదు. అద్దం ముందు నాలుక చాపి చూసుకుంటే వణికేది. గుండె జారిపోయేది. బయటికి చాపిన నాలుక చాలామందికి కాస్త వణుకుతుంది. అందుకే డాక్టర్లు నాలుకను నోట్లోనే వదులుగా ఉంచమని అప్పుడు చూస్తారు. ఇదీ తర్వాతే తెలిసింది.

ఇక మడమల మీద నడక, మునివేళ్ల మీద నడక. రోజుకి ఎన్నిసార్లో లెక్కే లేదు. అన్నిసార్లు చేస్తే ఎవరి కాలైనా లాగుతుంది. ఆ లాగడాన్నే నీరసం అనుకుని, కాలు పడిపోతోందేమోనని మళ్లీ నడిచి చూసుకునేదాన్ని.

మొదట చూపించుకున్న డాక్టర్ నా మాట పూర్తి కాకుండానే "ఏం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని విటమిన్ మాత్రలు రాసిచ్చారు. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, "అంతా నీ ఊహ." ఊహ కాదు. అదురు నిజం. కంటికి కనిపిస్తోంది, ఫోన్లో వీడియో ఉంది. కళ్లముందు ఉన్నదాన్ని లేదంటే, ఆ తర్వాత చెప్పే మంచి మాట కూడా నమ్మబుద్ధి కాదు. "వీళ్లు సరిగా చూడలేదు" అనే అనుమానం లోపల అలాగే మిగిలిపోతుంది. పైగా టెన్షన్ తగ్గించుకోమనడం ఒక వైద్యమా? తగ్గించుకోవడం చేతనైతే అక్కడిదాకా ఎందుకు వెళ్తాను?

మూడు నెలల తర్వాత ఒక న్యూరాలజిస్ట్ (నరాల డాక్టర్) దగ్గరికి వెళ్లాను. ఆవిడ అంతా విని ఒక్క ప్రశ్న అడిగారు. "అదిరే సంగతి విన్నాను. ఇదివరకు ఆ కాలితో చేస్తూ ఇప్పుడు చేయలేకపోతున్న పని ఏదైనా ఉందా?"

ఆలోచించాను. మెట్లెక్కుతున్నాను. బస్సు అందుకోవడానికి పరుగెడుతున్నాను. గుండీలు పెట్టుకుంటున్నాను, తాళం తిప్పుతున్నాను. లేదన్నాను. మూడు నెలలుగా నన్ను నేను అడగని ప్రశ్న అదొక్కటే. అదురుతోందా లేదా అనే చూసుకున్నాను తప్ప పని ఆగిందా అని చూసుకోలేదు.

చిన్న సుత్తితో మోకాళ్ల దగ్గర, మడమల దగ్గర కొట్టి చూశారు. తన చేతికి ఎదురుగా నా చేతులతో, కాళ్లతో గట్టిగా నెట్టమన్నారు. తర్వాత కండల్లోని విద్యుత్ సంకేతాలను వినిపించే ఈఎంజీ పరీక్ష చేయించారు. కండలోకి సన్నని సూది గుచ్చి వదులుగా ఉంచమన్నారు. మిషన్‌లోంచి ఏ చప్పుడూ లేదు. పాదం బిగించమన్నారు, స్పీకర్లోంచి చిటపటమని మోత. మళ్లీ వదిలేస్తే మళ్లీ నిశ్శబ్దం. "మనకు కావాల్సింది ఆ నిశ్శబ్దమే" అన్నారు. నరంతో సంబంధం తెగిపోయిన కండ వదులుగా ఉన్నప్పుడు కూడా తనంతట తాను చప్పుడు చేస్తుందట.

తర్వాత కూర్చోబెట్టి వివరించారు. నరాల కణం ఒకటి బోలెడన్ని కండర పోగులను నడిపిస్తుంది. ఆ నరం కొస కాస్త చిరాకు పడినా, అడగకుండానే ఒక సంకేతం వదులుతుంది. దాని కింద ఉన్న పోగులన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. మనకు కనిపించే అదురు అదే. నిద్ర చాలకపోయినా, కాఫీ ఎక్కువైనా, బాగా వ్యాయామం చేసినా, థైరాయిడ్‌లో తేడా ఉన్నా, మెగ్నీషియం, కాల్షియం తగ్గినా, ఆస్తమాకి వాడే కొన్ని మందుల వల్లా అలా అవుతుంది. భయం వల్ల కూడా. భయపడితే అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, ఊపిరి వేగంగా తీస్తాం, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో నరాలు ఇంకా చిరాకు పడతాయి. ఏ రాత్రి ఎక్కువ భయపడ్డానో ఆ రాత్రే ఎక్కువ ఎందుకు అదిరిందో అప్పుడర్థమైంది.

ఏఎల్ఎస్‌లో కూడా కండలు అదురుతాయి, నిజమే. కానీ అక్కడ కణాలు చచ్చిపోతున్నాయి కాబట్టి బలం పోతుంది, కండ కరిగిపోతుంది. చాలామంది తమ కండ అదురుతోందని గమనించనే గమనించరట, డాక్టరే చూసి చెప్తారట. వాళ్లు ఆస్పత్రికి వచ్చేది చెంబు చేతిలోంచి జారిపోయిందని, పాదం ఈడుస్తోందని, మాట ముద్దగా వస్తోందని. ఇంటికొచ్చాక ఆ జబ్బుతో ప్రపంచానికి తెలిసినవాళ్ల గురించి చదివాను. బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్ వరసగా 2,130 మ్యాచ్‌లు ఆడి, 1939లో తనంతట తానే తప్పుకున్నాడు. కారణం ఒంట్లో సత్తువ తగ్గిపోవడం. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చివరి ఏడాది మెట్ల మీంచి పడిపోయాడు, పడవ తెడ్డు వేయడానికి ఇబ్బంది పడ్డాడు. 1963లో జబ్బు బయటపడింది. ఇద్దరి విషయంలోనూ ముందు తగ్గింది పని చేయగల శక్తి.

ఆ జబ్బు ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి కొత్తగా వస్తుంది. అదురు మాత్రం చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపోయేదే. అమెరికాలోని మేయో క్లినిక్ అనే ఆస్పత్రి వాళ్లు 1993లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అదురు తప్ప వేరే తేడా ఏదీ లేని 121 మందిని కనీసం రెండేళ్లు, కొందరిని 32 ఏళ్ల వరకు గమనించారు. ఒక్కరికి కూడా ఏఎల్ఎస్ రాలేదు. ఈ ఒక్క వాక్యం మొదటి డాక్టర్ చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు నిద్రపోయేదాన్నో. ఈ భయం వైద్యం తెలియనివాళ్లకే వస్తుందనుకోకండి. వైద్యుల్లోనే ఇది కనిపిస్తుంటే న్యూరాలజిస్టులు దానికి విడిగా ఒక పేరు పెట్టాల్సి వచ్చింది.

అలాగని అదురు ఉన్న ఎవరూ డాక్టర్ దగ్గరికి వెళ్లక్కర్లేదని నేను అనడం లేదు. ఒక చేయో కాలో వారాల తరబడి బలం తగ్గుతూ ఉంటే, ఒకే చోట కండ కరిగిపోతుంటే, మింగడం కష్టమైతే, మాట తేడాగా వస్తుంటే ఆలస్యం చేయకుండా వెళ్లండి. ఆ జబ్బుతో ఉన్నవాళ్లను చూసుకుంటున్న కుటుంబాలు ఇది చదివితే, మీ కష్టాన్ని నా భయంతో పోల్చడం లేదని నమ్మండి.

నా అదురు పూర్తిగా పోలేదు. ఇది టైప్ చేస్తుంటే కుడి భుజంలో రెండుసార్లు కొట్టుకుంది. టేపు తీయలేదు, టార్చ్ వేయలేదు. పరీక్షలు బాగున్నాయని చెప్పిన మర్నాడే ఈ అలవాట్లు పోలేదు. కొలుచుకోవడం మానేయడానికి ఇంకో నెల పట్టింది. ఆ నెలలో మా అక్క చేసిన సాయం చెప్పాలి. "మళ్లీ అదే గోలా" అని ఒక్కసారి కూడా అనలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆ డాక్టరమ్మ ప్రశ్నే అడిగేది, "ఇవాళ చేయలేకపోయిన పనేదైనా ఉందా?" లేదనేదాన్ని. "సరే, ఇంకేంటి విశేషాలు?" అని వేరే మాటల్లోకి వెళ్లిపోయేది.

మీరు వెళ్లిన చోట "ఏం లేదు" అని పంపించబోతే కుర్చీలోంచి లేవకండి. "ఏం లేదని ఎలా తెలిసింది, కాస్త చెప్పండి" అని అడగండి. నేను మొదటిసారి అడగకుండా లేచి వచ్చేశాను.