కోచ్ సామర్థ్యానికి కోచే కొలబద్దా?

చర్చాంశం: కోచ్ తన వృత్తి సామర్థ్యంపై తాను వేసుకునే అంచనానే ప్రాతిపదికగా తీసుకోవచ్చు. అనుకూలంగా ఒక సీనియర్ అథ్లెటిక్స్ కోచ్, వ్యతిరేకంగా వ్యాయామ విద్యా కళాశాల అధ్యాపకురాలు వాదించారు.

కోచ్: లాంగ్‌జంప్‌లో పిల్లవాడి కాలు ఎగరడానికి అడుగు వేయాల్సిన పలక దాటుతోందంటే, తప్పు పలక దగ్గర కాక పరుగు మొదటి అంగల్లోనే ఉందని పట్టుకోవడం ఏళ్ల తరబడి మైదానంలో నిలబడితేనే వస్తుంది, మేడమ్. ఆ పట్టు నాకుందో లేదో ఏ ప్రశ్నపత్రం తేలుస్తుంది? పైగా తన మీద తనకే నమ్మకం లేని కోచ్ మాటను, పోటీకి ముందు బెదిరిపోయిన పిల్ల ఎలా నమ్ముతుంది?

అధ్యాపకురాలు: నమ్మకం అవసరమే, మాస్టారూ. చేయగలనన్న విశ్వాసానికి అన్నిటికంటే గట్టి ఆధారం స్వయంగా సాధించిన విజయమని మనస్తత్వవేత్త బండూరా 1977లోనే రాశారు. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. మీ విజయాలు పతకాలతో మీ ముందుకు వస్తాయి, వైఫల్యాలు రావు. పరుగు దూరాన్ని ఒక్కసారిగా పెంచడం వల్ల కాలి ఎముక నొప్పి పట్టుకుని ఆట మానేసిన అమ్మాయి, కారణం మీరేనని చెప్పడానికి మళ్లీ మైదానానికి రాదు. టెక్నిక్ విషయంలో మీ అంచనాను గడియారం, టేపు రోజూ సరిదిద్దుతాయి. శిక్షణ భారం, ఆహారం, నెలసరి, మానసిక ఒత్తిడి విషయాల్లో సరిదిద్దేవారే లేరు. క్రుగర్, డన్నింగ్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, పరీక్షల్లో సగటున 12వ పర్సెంటైల్ దగ్గర, అంటే నూటికి పన్నెండు మంది కంటే మాత్రమే మెరుగ్గా, ఆగినవారు తాము 62వ పర్సెంటైల్‌లో ఉన్నామనుకున్నారు.

కోచ్: అవి విద్యార్థులకు పెట్టిన తర్కం, వ్యాకరణం వంటి పరీక్షలు. పుల్లెల గోపీచంద్‌ను చూడండి. మోకాలి గాయాలను దాటి 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన ఆటగాడు కోచ్‌గా మారితేనే కదా, 2012 ఒలింపిక్స్‌లో సైనాకు కాంస్యం, 2016 ఒలింపిక్స్‌లో సింధుకు రజతం దక్కాయి!

అధ్యాపకురాలు: ఆ అనుభవం విలువను నేను కాదనను. అయితే 2019లో బాసెల్‌లో ప్రపంచ విజేత కావడానికి ముందు సింధు కొరియా కోచ్ కిమ్ జీ హ్యూన్ దగ్గర కూడా సాధన చేసింది. అంత పెద్ద క్రీడాకారిణికే రెండో చూపు తోడైనప్పుడు, జిల్లా స్టేడియంలో ఒంటరిగా పనిచేసే కోచ్‌కు అది అక్కరలేదని ఎలా అంటాం? మానేసిన ప్రతి పిల్ల పేరు, కారణం రాసి ఉంచండి. ఏడాదికోసారి మరో కోచ్‌ను, ఒక ఫిజియోను పిలిచి మీ సాధన చూపించండి.

కోచ్: ఆ రిజిస్టరు రాయడానికి, మరో కోచ్ ముందు నిలబడటానికి నాకు అభ్యంతరం లేదు. కానీ మాలో చాలామంది ఒప్పంద ఉద్యోగులం. ‘గాయాల విషయంలో నా జ్ఞానం చాలదు’ అని నిజాయితీగా రాసిన కాగితం ఒప్పందం పొడిగించే అధికారి బల్ల మీదికి వెళితే, మరుసటి ఏడాది నుంచి ప్రతి కోచ్ తనకు అన్నీ తెలుసనే రాస్తాడు. ఆ కాగితం మా మధ్యనే ఉంటుందని, దాని ఆధారంగా శిక్షణే తప్ప తొలగింపు ఉండదని ముందు హామీ ఇప్పించండి.