బాటిల్ ఎక్కితేనే జబ్బు

ఆ మధ్య విరేచనాలు పట్టుకుని రెండు రోజులు మంచానికీ బాత్రూమ్‌కీ మధ్యే కాపురం చేశాను. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తెచ్చుకుని, లీటరు నీళ్లలో కలిపి తాగితే తగ్గిపోయింది. నేను చేసిన ఘోరమైన తప్పు అదే. ఒక్క చుట్టమూ పలకరించడానికి రాలేదు. అదే వారం మా ఎదురింటాయన ఎండలో తిరిగొచ్చి, నీరసంగా ఉందని సెలైన్ బాటిల్ ఎక్కించుకున్నాడు. సాయంత్రానికి ఆయన మంచం చుట్టూ బత్తాయిల గుట్ట!

అందుకే ఇకపై నేను బాటిల్ పక్షం.

అర లీటరు సెలైన్‌లో ఉండేది 4.5 గ్రాముల ఉప్పేనని, చెంచాడు కూడా కాదని కొందరు డాక్టర్లు గొణుగుతుంటారు. గ్లూకోజు బాటిలైతే 25 గ్రాముల గ్లూకోజు. రెండు ఇడ్లీలు తిన్నా అంతే బలమట. కావచ్చు. ఇడ్లీని స్టాండుకు వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించడం ఎవరైనా చూశారా? పైగా అందులో విటమిన్ సూదిమందు కలిపితే నీళ్లు పసుప్పచ్చగా మారతాయి. ఆ రంగు చూడగానే సగం నీరసం పోతుంది. మిగతా సగం బిల్లు చూశాక తిరిగొస్తుంది. (స్పృహ లేనివాళ్లకూ, తాగిందల్లా కక్కేవాళ్లకూ బాటిల్ తప్పదు. వాళ్ల సంగతి వేరు. మనం మాట్లాడుకునేది నడిచొచ్చి మంచమెక్కేవాళ్ల గురించి.)

ఓఆర్‌ఎస్ వాళ్ల వాదనా విందాం. ఉప్పు ఒంటరిగా వస్తే పేగు అంతగా పట్టించుకోదు. గ్లూకోజును వెంటబెట్టుకొస్తే తలుపు తీస్తుంది, వాటి వెనకే నీళ్లూ లోపలికి దూరతాయి. కలరాలో కూడా ఆ తలుపు మూతపడదు. 1971లో బెంగాల్ సరిహద్దున బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించారు. నూటికి 30 దాకా ఉన్న కలరా చావులు నాలుగు లోపుకు దిగాయి. గొప్పే! కానీ గమనించారా, ఆయన కూడా ముందు బాటిలే ఎక్కించారు.

ఇక తియ్యటి పానీయాలకు ఓఆర్‌ఎస్ అని పేరు తగిలించి అమ్మడంపై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆ పేరు వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం. అంత చప్పటి నీళ్లకు గిరాకీ ఎక్కడిది?

ఈసారి జబ్బు చేస్తే నా ఏర్పాట్లు నావి. స్టాండు అద్దెకు తెచ్చి ఖాళీ బాటిల్ తగిలిస్తాను. ఓఆర్‌ఎస్ గ్లాసు మంచం కింద దాచుకుని తాగుతాను. బత్తాయిలు తెచ్చేవాళ్లు బల్లమీద పెట్టేయొచ్చు.