బెల్టుగారూ, ఇంజను దించితేగానీ దర్శనమివ్వరా?

మహారాజశ్రీ ఫెరారీ ఎఫ్355 టైమింగ్ బెల్టుగారికి,

నమస్కారాలు. ఇంజనులో వాల్వులు పిస్టన్లతో తాళం తప్పకుండా తెరుచుకుని మూసుకునేలా చూసే రబ్బరు పట్టీ తమరు. తమరి మూడేళ్ళ గడువు తీరిందంటూ ఎస్టిమేటు నిన్ననే చేతికందింది. బండి తిరిగింది రెండు వేల కిలోమీటర్లే. అయినా రబ్బరుకి మీటరుతో పనేముంది, క్యాలెండరు చాలు. షెడ్డులో కదలకుండా కూర్చున్నా తమరికి వయసు మీదపడుతూనే ఉంటుంది.

తమరి ధర దగ్గర పేచీ లేదు. సిలిండర్ల వరసకొకటి చొప్పున రెండు రబ్బరు పట్టీలు, అంతే. పేచీ అంతా తమరి విడిదితోనే. ఇంజనుని పొడవునా పెట్టి, తమరిని దాని ముందువైపు, సీట్ల వెనక గోడకి దాదాపు ఆనించి కూర్చోబెట్టారు. చెయ్యి దూరదు. కాబట్టి కూలెంటు వంపాలి, ఏసీ గ్యాసు తీయాలి, పెట్రోలు పైపులు, క్లచ్చు లైను, బ్రేకు లైన్లు, వైరింగు కనెక్టర్లు విప్పాలి. ఆపైన ఇంజనూ గేర్‌బాక్సూ వెనక సస్పెన్షనూ సబ్‌ఫ్రేముతో సహా కిందకి దించాలి. మెళ్ళో గొలుసు మార్చడానికి తల తీసి పక్కన పెట్టినట్టు!

అంతకుముందటి ఫెరారీ 328లో ఇంజను అడ్డంగా ఉండేది, దించకుండానే పని అయ్యేది. తరవాతొచ్చిన 360 మోడెనాలో సీట్ల వెనక ఒక మూత పెట్టారు. 2004లో ఎఫ్430 వచ్చేసరికి తమరి వంశాన్నే పీకేసి చెయిను వేశారు. మధ్యలో దొరికిపోయింది మేమే.

పోనీ ఇంకో ఏడాది చూద్దామా అంటే, నువ్వు తెగితే పిస్టన్లు వెళ్ళి వాల్వులకి గుద్దుకుంటాయి. సిలిండరుకి ఐదు, మొత్తం 40 వాల్వులు! నువ్వు బెల్టువా, మెడ మీద కత్తివా?

(పగిలే ఎగ్జాస్టు మానిఫోల్డులు, అరిగే వాల్వు గైడ్లు, జిగురు తేలే స్విచ్చులు... వాటికి వేరే ఉత్తరాలున్నాయి.)

ఫెరారీ వాళ్ళ హైబ్రిడ్ బండి 296 జీటీబీకి నీ గోల లేదు. 830 హార్స్‌పవర్, గంటకి వంద కిలోమీటర్ల వేగం అందుకోడానికి 2.9 సెకన్లు. నీ బండికి 4.7. కానీ దానికి క్లచ్చు పెడలూ లేదు, గేరు రాడ్డూ లేదు. ఏడున్నర యూనిట్ల బ్యాటరీ పెట్టుకుని సందులోంచి పిల్లిలా చప్పుడు లేకుండా జారుకోగలదు. నీ బండిలో ఆయిలు వేడెక్కేదాకా రెండో గేరు మొరాయిస్తుంది. వేడెక్కాక గాళ్ళు కోసిన ఇనప గేటులో గేరు రాడ్డు టక్కుమంటుంది, నిమిషానికి 8,500 చుట్ల దగ్గర ఇంజను వేసే ఆ కేక... సరేలే.

ఇంజను దించమని చెప్పేశాను. టెన్షనర్ బేరింగులు, కామ్ సీళ్ళు, వాటర్ పంపు కూడా ఈ చేత్తోనే మార్చేస్తారు. మళ్ళీ మూడేళ్ళదాకా నీ మొహం చూపించకు.

ఇట్లు,
బిల్లు కట్టబోయేవాడు