చెట్ల పేరు చెప్పి రోడ్డు పక్క పొలాన్ని ఉచితంగా తీసుకోవచ్చా?

"హైవే పక్కన పచ్చదనం కోసం ప్రభుత్వం మీ పొలాన్ని పైసా ఇవ్వకుండా తీసుకోవచ్చు, అడ్డు చెప్పే హక్కు మీకు లేదు" అనే మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ప్రజాప్రయోజనం కోసం యజమాని ఒప్పుకోకపోయినా భూమి సేకరించవచ్చన్నది నిజం. అందులో నిజం అంతవరకే.

ఆ మెసేజ్‌ను సమర్థిస్తూ చెప్పే మొదటి మాట, "ఆస్తి హక్కు ఎప్పుడో పోయింది" అని. 1978లో రాజ్యాంగ 44వ సవరణ దాన్ని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. కానీ అదే సవరణ 300ఎ అధికరణాన్ని చేర్చింది. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68లో రోడ్డు కోసం చదువురాని ఒక మహిళ భూమిని సేకరణ ప్రక్రియేమీ లేకుండా తీసేసుకున్నారు. ఇన్నేళ్లుగా మా స్వాధీనంలో ఉంది కాబట్టి మాదేనని ప్రభుత్వం వాదించింది. 2020లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసి, 80 ఏళ్ల ఆమెకు పరిహారం ఇమ్మంది.

చెట్ల సంగతికొస్తే, 2015 హరిత రహదారుల విధానం ప్రాజెక్టు ఖర్చులో 1 శాతాన్ని మొక్కలకు కేటాయించింది. రోడ్డు కోసం ముందే సేకరించిన హద్దులోనే వాటిని నాటుతారు. అదనంగా పట్టా భూమి కావాలంటే మళ్లీ సేకరణే, మళ్లీ పరిహారమే. మార్కెట్ విలువ, దాని మీద 100 శాతం సొలేషియం (బలవంతంగా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము), బావులకూ చెట్లకూ విడిగా లెక్క. 2013 భూసేకరణ చట్టంలోని ఈ లెక్క 2015 నుంచి జాతీయ రహదారులకూ వర్తిస్తోంది. మార్కెట్ విలువ లెక్కకు ఆధారమైన రిజిస్ట్రేషన్ ధరలు తక్కువగా ఉండడంతో రైతుకు నష్టం జరుగుతున్న మాట వాస్తవం. పోరాడాల్సింది అక్కడ.

బిల్డింగ్ లైన్, అంటే రోడ్డు పక్కన కట్టడాలను నియంత్రించే హద్దు, దాని లోపల ఉన్నంత మాత్రాన మీ భూమి ప్రభుత్వానిది కాదు. అక్కడ కట్టడాల మీద ఆంక్ష ఉంటుంది, పట్టా మాత్రం మీ పేరిటే ఉంటుంది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది "అభ్యంతరం చెప్పలేరు" అన్న మాట. దాన్ని నమ్మి రైతులు గడువు పోగొట్టుకుంటారు. జాతీయ రహదారుల చట్టంలో 3ఎ నోటిఫికేషన్ (భూమి సేకరించాలనే ఉద్దేశాన్ని తెలిపేది) వచ్చాక రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పడానికి 21 రోజులుంటాయి. ఆ నోటిఫికేషన్ సారాంశం రెండు పత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఆ తర్వాత సేకరణను ఖరారు చేసే 3డి ప్రకటన వెలువడితే భూమి కేంద్రానిది అయిపోతుంది. ఇక మిగిలేది పరిహారం వివాదమే. దాన్ని తేల్చడానికి ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) ఉంటారు.

కాబట్టి మీ సర్వే నంబరు పత్రికలో కనిపిస్తే వెంటనే అభ్యంతరం రాసిచ్చి, రసీదు తీసుకోండి. చదవకుండా ఏ సమ్మతి పత్రం మీదా సంతకం పెట్టకండి.